నిచ్చెనపై మన మెట్టు

జహీరాబాద్ నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా భూమిని ప్రతిపాదించారు. భూమి పోయిన రైతు నిన్న పది మందిని కూలికి పిలిచినవాడు, నేడు తానే కూలికి పోవలసి వస్తే అతని స్థాయి నిజంగానే పడిపోయినట్లు. అదే ఊళ్లో మరొక సోదరునికి ఇల్లుంది, ఆటో ఉంది, అప్పు లేదు. కాని తమ్ముడు దుబాయి నుంచి వచ్చి మేడ కట్టినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. జుమాకు వచ్చినా చివరి సఫ్‌లో నిలబడి, సలాం తిప్పగానే వెళ్లిపోతాడు. ఇద్దరిలో ఎవరి దిగులు నిజమైనది?

ఇద్దరిదీ నిజమే. 2000లో అమెరికా పరిశోధకురాలు నాన్సీ ఆడ్లర్, ఆమె సహచరులు పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపి, సమాజంలో మీరు ఏ మెట్టుపై ఉన్నారని అడిగే పద్ధతిని వెలువరించారు. ఆ తర్వాత జరిగిన చాలా అధ్యయనాల్లో, తమను కింది మెట్టున చూసుకున్నవారిలో కుంగుబాటు ఎక్కువగా కనబడింది. ఆదాయాన్ని, చదువును లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. (దిగులు ముదిరిన కళ్లకు సొంత మెట్టు మరీ కిందికి కనబడుతుందన్నదీ మరువరాదు.)

ఇటువంటి వారితో మనం సాధారణంగా అనే మాట: "మీకంటే కిందివారిని చూడండి, సబర్ చేయండి." హదీసు సత్యమే. మనిషి తన మనసును తాను సరిదిద్దుకోవడానికి అది గొప్ప ఔషధం. అయితే కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాని నోరు మూయించడానికి అది రాలేదు. మేము కూడా ఖుత్బాలో ఆ ఒక్క మాట చెప్పి దిగిపోయిన రోజులున్నాయి.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, మహాప్రవక్త (సల్లం) తరచూ చేసిన ఒక దుఆలో చింత, దుఃఖాలతో పాటు అప్పుల భారం నుంచి, మనుషులు తనపై పైచేయి సాధించడం నుంచి కూడా అల్లాహ్ శరణు కోరారు. దిగులును, దాన్ని తెచ్చిపెట్టే పరిస్థితులను ఆయన విడదీయలేదు. మరి దిగులుపడిన సోదరుణ్ణి "ఈమాన్ బలహీనం" అనడానికి మనమెవరం?

భూమి పోయినవానికి ముందు జకాత్ చేరాలి, అప్పు తీరే దారి దొరకాలి. ఆటో సోదరుని సంగతి వేరు. అతని నిచ్చెనను మనమే నిలబెట్టాం. సంపన్నులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం అతి చెడ్డదని హదీసులో ఉంది. మన షాదీఖానాల్లో పేదలను పిలుస్తున్నాం గాని, దుబాయి వారిని ముందు కూర్చోబెట్టి, వారిని చివరి దస్తర్‌ఖాన్‌కు పంపుతున్నాం.

నిద్ర, తిండి, నమాజుపై మనసు వారాల తరబడి పోతే అది జబ్బు. చికిత్స చేయించుకోవడం సున్నతే. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు మా మస్జిదు నోటీసు బోర్డుపై నమాజు వేళల పక్కనే రాయించాం.