చదివింపుల పుస్తకంలో లేని కానుక



మన పల్లెల్లో పెళ్లి జరిగితే పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని, పుస్తకం, కలం పట్టుకుని ఒకరు కూర్చుంటారు. ఫలానా వారు 116 రూపాయలు, మేనమామ వెండి కుంది, పక్కింటివారు స్టీలు బిందె అని వరుసగా వ్రాస్తారు. ఆ చదివింపుల పుస్తకాన్ని ఇల్లాలు బట్టల పెట్టెలో దాచి ఉంచుతుంది. రేపు వాళ్లింట పెళ్లి వస్తే పుస్తకం తీసి చూసి, వాళ్లు పెట్టినదానికి తగ్గకుండా, వీలైతే పదో పరకో కలిపి తిరిగి పెట్టాలి. ఇందులో తప్పేమీ లేదు. లేనివారి ఇంట పెళ్లి గట్టెక్కేది ఈ సాయంతోనే. కాని పేరుకు కానుకే అయినా, నిజానికి అది చేబదులు.

చిక్కు ఎక్కడంటే, ఆ పుస్తకాన్నే మనం గుడిలోకి కూడా తెచ్చుకుంటాం. ఇన్ని జపమాలలు చెప్పాను, ఇన్ని శుక్రవారాలు ఉపవాసమున్నాను, గుణదల కొండకు నడిచి వెళ్లాను, కనుక దేవుడు నాకు బాకీ ఉన్నాడు అనుకుంటాడు ఒకడు. ఇంత పాపం చేశాను, ఇంకా తీర్చలేదు, కనుక ఆయన ముఖం ఎలా చూడను అనుకుంటాడు మరొకడు. మొదటివాడు గర్వంతోను, రెండవవాడు దిగులుతోను దేవునికి దూరంగా నిలబడతారు. ఇద్దరి చేతిలోను ఉన్నది ఒకటే పుస్తకం.

గర్విష్ఠి సంగతి మనం తరచుగా వింటూనే ఉంటాం. ఈ వారం ఆ రెండవవాని సంగతి చెప్పుకుందాం.

గుమ్మం దాటని పెద్దాయన

దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక విచారణలో నేను పనిచేసినప్పుడు, ఒక పెద్దాయన ప్రతి ఆదివారం దివ్యపూజకు వచ్చేవాడు. అందరికంటె ముందు వచ్చి ఆవరణ ఊడ్చేవాడు. క్రిస్మసుకు గుడికి సున్నం వేయడంలో ఆయనదే ముందు చెయ్యి. పూజ మొదలైతే మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేవాడు. దివ్యసత్ప్రసాదానికి ఏనాడూ రాలేదు. ఏదో వివాహపు చిక్కు ఉండి ఉంటుందనుకుని, రెండేళ్లపాటు నేనూ అడగలేదు. అది నా లోపమే.

ఒక తపస్సుకాలంలో, తప్పిపోయిన కుమారుని సువార్త చదివిన ఆదివారం సాయంత్రం, ఆయనే వచ్చి పంచలో కూర్చున్నాడు. అప్పుడు చెప్పిన సంగతి ఇది. పాపసంకీర్తనంలో విన్నది కాదు. "నాలాంటోళ్లు ఇంకా ఉంటారండి, నలుగురికీ చెప్పండి" అని ఆయనే అన్నాడు. అయినా పేరూ ఊరూ వ్రాయను.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ చెబితే దివిసీమలో వివరించవలసిన పని లేదు. సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. సుమారు 10,000 మంది చనిపోయారని లెక్క తేల్చారు. గుడివాడ వైపు మా ఊళ్లో నేను అప్పుడు చిన్నపిల్లవాణ్ణి. మాకు తాటాకు కప్పులు లేచిపోయాయి, అంతే. దివిలో మనుషులే పోయారు. ఆ రాత్రి ఈయన ఒక తుమ్మచెట్టును కౌగలించుకుని బ్రతికాడు. ఇరవై రెండేళ్ల వయస్సు. మూడవనాడు తిండి లేక, తనవారి కోసం వెదుకుతూ తిరుగుతుంటే కాలువ గట్టున ఒక స్త్రీ శవం కనబడింది. చెవులకు బంగారు కమ్మలు ఉన్నాయి.

"తీసుకున్నానండి. చుట్టూ ఎవరూ లేరు. బందరులో అమ్ముకున్నాను. బియ్యం కొనుక్కున్నాను. ఆ తల్లి ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆవిడ తాలూకు ఒక్కరైనా మిగిలారో లేదో తెలియదు. ఎవరికిమ్మంటారు ఫాదరుగారూ?"

ఆ తరువాత ఆయన స్థిరపడ్డాడు, పిల్లల్ని పెంచాడు. వీలున్నప్పుడల్లా, పేదింటి పిల్లకు పెళ్లి కుదిరితే చడీచప్పుడు లేకుండా ఒక జత బంగారు కమ్మలు చేయించి పంపేవాడు. ఏటా ఫిబ్రవరిలో గుణదలమాత ఉత్సవానికి నడిచి వెళ్లేవాడు. అయినా దేవుని బల్ల దగ్గరకు రాలేకపోయాడు. "పూర్తిగా తీరాక వద్దామనుకున్నానండి. తీరడంలేదు" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పి తల వంచుకున్నాడు.

రెండు లెక్కలు

నేను ఆయనతో ముందుగా ఇలా అన్నాను: "పెద్దాయనా, ఇక్కడ ఉన్నవి రెండు లెక్కలు. మీరు రెండింటినీ ఒకటిగా కలిపేశారు."

మొదటిది మనిషికి మనిషి బాకీ. ఇతరుల సొత్తు తీసుకున్నవాడు తిరిగి ఇచ్చి తీరాలి. శ్రీసభ ఈ విషయంలో మెతకగా మాట్లాడదు. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). సొంతదారు ఎవరో తెలియకపోతే ఆ విలువను పేదలకు చేర్చాలి. ఆ పని ఈయన ఒకసారి కాదు, ఎన్నోసార్లు చేశాడు. కమ్మల లెక్క ఎప్పుడో తీరింది.

రెండవది పాపక్షమాపణ. దీనికి ధర లేదు. ఎన్ని జతల కమ్మలు చేయించినా ఇది కొనుక్కోగలిగినది కాదు. అమ్మే వస్తువైతే గదా కొనడం! ఇది తీర్చేది కాదు, పుచ్చుకునేది. ఆయన అన్నేళ్లూ తీర్చడానికి చేతులు చాపాడే తప్ప, పుచ్చుకోవడానికి ఒక్కసారీ చాపలేదు.

తండ్రి చెప్పనివ్వని మాట

ఆ ఉదయం విన్న సువార్తనే ఆయనకు మళ్లీ గుర్తుచేశాను. లూకా సువార్త 15వ అధ్యాయం మీరూ ఇంట్లో తీసి చదవండి. పందుల దగ్గర ఆకలితో కూర్చున్న కుమారుడు తండ్రితో చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటాడు. అందులో మూడు అంశాలున్నాయి. నేను పాపం చేశాను. నీ కుమారుణ్ణనిపించుకోవడానికి తగను. నన్ను నీ పనివారిలో ఒకనిగా పెట్టుకో. ఇక ఇంటికి వచ్చాక ఏమి జరిగిందో చూడండి. మొదటి రెండూ చెబుతాడు. మూడవది అతని నోట రానే రాదు. అప్పటికే తండ్రి మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివారిని పురమాయిస్తున్నాడు.

ఆ మూడవ మాటలో ఏముంది? కూలి చేసి బాకీ తీర్చుకుంటాను అన్న బేరం ఉంది. కుమారుని కన్నీళ్లను తండ్రి ఆపలేదు, తప్పు ఒప్పుకోవడాన్నీ ఆపలేదు. బేరానికి మాత్రం చోటివ్వలేదు. ఆ ఇంట్లో కూలివాడుగా ఉండటం కుదరదు. ఉంటే కుమారుడుగా ఉండాలి.

బయట నిలబడిన పెద్ద కుమారునిది కూడా కూలి లెక్కే. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. తండ్రి అతని దగ్గరకు కూడా తానే బయటకు వస్తాడు. పుస్తకం పట్టుకున్న ఇద్దరి కోసమూ ఇల్లు దాటి వచ్చినవాడు ఆ తండ్రే.

"పనులతో రక్షణ కొంటారట గదా?"

మన కుర్రవాళ్లను బందరు టీ కొట్ల దగ్గర ఇతర సంఘాల స్నేహితులు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మీ ఆర్.సి.ఎం. వాళ్లు మంచి పనులు చేసి రక్షణ కొనుక్కుంటారట గదా?" జవాబు తెలియక మనవాళ్లు నీళ్లు నమలడం నేను చూశాను. జవాబు ఇదిగో. కాదు. శ్రీసభ అలా ఎన్నడూ బోధించలేదు.

మనిషి తన సొంత బలంతోనే పుణ్యవంతుడు కాగలడని అయిదవ శతాబ్దంలో పెలాజియస్ అనే ఆయన చెబితే పునీత అగుస్తీను గట్టిగా ఖండించాడు. 418లో కార్తేజి సభ ఆ బోధను త్రోసిపుచ్చింది. 1547 జనవరి 13న ట్రెంటు మహాసభ ఈ విషయంమీదే తీర్మానం చేస్తూ, మనం నీతిమంతులం కావడానికి ముందు ఉన్నదేదీ, అది విశ్వాసమైనా సరే, పనులైనా సరే, ఆ వరప్రసాదాన్ని సంపాదించలేదని చెప్పింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో కతోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దేవుడు మనలను అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదు, క్రీస్తు చేసిన రక్షణకార్యంపై విశ్వాసముంచినప్పుడు వరప్రసాదం వల్లనే అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. కనుక ఈ సంగతిమీద పోట్లాట అవసరం లేదని ఆ స్నేహితులకు నెమ్మదిగా చెప్పండి.

మరి మంచి పనులు దేనికి? పునీత పౌలు ఎఫెసీయులకు వ్రాసిన లేఖ 2వ అధ్యాయంలో 8, 9 వచనాలు చదివి అక్కడే ఆగిపోవద్దు, 10వది కూడా చదవండి. రక్షణ మన కష్టార్జితం కాదు, దేవుని వరం అని ముందు అంటాడు. సత్కార్యాలు చేయడానికే మనలను క్రీస్తులో సృజించాడని వెంటనే అంటాడు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు కారణం, కార్యం అంటూ మేము గంటల తరబడి వాదించుకునేవాళ్లం. ఆ చదువు నాకు బాగా పనికివచ్చింది ఇక్కడే. సత్క్రియలు రక్షణకు కారణం కావు, రక్షణ కాచిన కాయలు. కాయలు కాయని చెట్టును చూసి వేరులో ప్రాణం ఉందా అని అనుమానించవచ్చు. కాని చెట్టుకు కాయలు కట్టి వ్రేలాడదీసినంత మాత్రాన వేరుకు ప్రాణం రాదు.

ఉప్పు తేరిన చేను

పెద్దాయన రైతు. నా తత్వశాస్త్రం ఆయనకెందుకు? అందుకని ఒక సంగతి అడిగాను. "ఉప్పెన తరువాత మీ చేలు ఉప్పు తేరిపోయాయి గదా, ఎలా బాగుపడ్డాయి?"

"మంచినీళ్లు కట్టాం. నిలవబెట్టి వదిలేశాం. మళ్లీ కట్టాం. అలా ఉప్పు దిగిందండి."

"చేను తన ఉప్పును తానే కడుక్కుందా?"

ఆయన నవ్వాడు.

ఎక్కడో మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణమ్మ, బెజవాడ ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదిని దాటి దివి చేలకు వస్తుంది. ఆ నీటిని చేను పిలవలేదు, సంపాదించలేదు. ఉప్పు తేరిన చేనుకు నీరు తెచ్చుకునే శక్తి ఎక్కడిది? ముందు నీరు వచ్చింది, తరువాతనే చేను పండింది. మరి రైతు చేసిందేమీ లేదా? ఉంది. తూము ఎత్తాడు, గట్టు వేశాడు. తూము మూసుకుని కూర్చుంటే నిండు కాలువ ప్రక్కనే చేను ఎండిపోతుంది. మనలను బలవంతం చేయకుండా మన సమ్మతి కోసం దేవుడు ఆగుతాడు. అయితే తూము ఎత్తే చేతికి బలం కూడా ఆయన ఇచ్చినదే సుమా!

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఉచితం అంటే చవక అని కాదు. మనకు ఉచితమైన దానికి కల్వరి కొండమీద ఒకరు మూల్యం చెల్లించారు. అది వెండి బంగారాలతో కాక క్రీస్తు అమూల్య రక్తంతో జరిగిందని పునీత పేతురు తన మొదటి లేఖలో వ్రాశాడు (1:18-19). ఎలాగూ క్షమిస్తాడులే అని పాపంలోనే ఉండిపోయేవాడు కానుకను పుచ్చుకున్నవాడు కాదు, కాలదన్నినవాడు.

ఇల్లు చేరిన రోజు

ఆ సాయంత్రం ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి గుడిలోకి నడిచాడు. నేను వెనుకే వెళ్లాను. అక్కడ జరిగింది దేవునికి, ఆయనకు మధ్య సంగతి. ఆ పై ఆదివారం ఊరంతా చూసింది మాత్రం చెప్పగలను. సత్ప్రసాదపు వరుసలో చిట్టచివర, చెప్పులు విడిచి, చేతులు జోడించి ఆ పెద్దాయన నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఆయన చోటు ఖాళీగా ఉంది.

తరువాత కూడా ఆయన పేద పిల్లలకు కమ్మలు చేయించడం మానలేదు. "ఇంకా ఎందుకు?" అని అడిగాను. "ఇదివరకు బాకీ కింద ఇచ్చానండి. ఇప్పుడు ఊరకనే ఇస్తున్నాను" అన్నాడు. ఇంతకంటె బాగా వరప్రసాదం గురించి నేను ప్రసంగించలేను.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో కూడా గుమ్మం దగ్గర ఆగిపోయినవారు ఉండవచ్చు. ఎప్పుడో చేసిన తప్పు, చెప్పుకోలేని తప్పు, తీర్చలేమనుకున్న తప్పు వారిని ఆపి ఉండవచ్చు. వారిని నిలదీయకండి, ప్రక్కన కూర్చోండి. మీరే అలాంటివారైతే, పూర్తిగా బాగుపడిన తరువాత దేవుని దగ్గరకు వద్దామని ఆగవద్దు. ఆయన దగ్గరకు వస్తేనే బాగుపడేది. మొక్కులు తీర్చుకోండి, గుణదలకు నడవండి. అయితే ధర చెల్లించేవారిలా కాదు, కృతజ్ఞత చెప్పుకునేవారిలా నడవండి. ఇక ఈ నెలలో ఒక్కటైనా, ఏ పుస్తకంలోను వ్రాయని కానుక, తిరిగి ఇవ్వలేని వారికి ఇచ్చి చూడండి.

మనం ఇంకా దూరంగా ఉన్నప్పుడే చూసి, పరుగెత్తి ఎదురువచ్చే తండ్రి మనందరినీ తన బల్ల దగ్గరకు చేర్చుగాక! ఆమెన్.