ఇల్లాలి సాక్ష్యము





సైన్యమున సేవచేసి ఇల్లు చేరిన ఒక పెద్ద లింగైక్యుడైనపుడు, ఆ ఇంట జరుగు స్మరణ కార్యమును గమనింపుడు. పటమునకు పూలమాల వేయుదురు. పటము ప్రక్కన పతకములను వరుసగా ఉంచుదురు. ఆయన ఏ దళమున పనిచేసెను, ఏ సరిహద్దున కావలి కాచెను, ఏ హోదాలో విరమించెను అని పెద్దలు ఒకరి వెంట ఒకరు లేచి చెప్పుదురు. ఇదంతయు తగినదే. కాని ఆయనతో నలువది ఏండ్లు కాపురము చేసిన ఇల్లాలు ఆ వేళ ఎక్కడ నున్నది? పెక్కు ఇండ్లలో ఆమె లోపలి గదిలో, గోడవైపు తిరిగి కూర్చుండి యుండును. మాటాడుమని ఆమెను ఎవరును అడుగరు. పసుపు కుంకుమల పళ్లెము ఆమె దాపునకు పోనీయరు. ఆయన జీవితమును అందరికన్న ఎక్కువగా ఎరిగిన వ్యక్తికే ఆ జీవితమును స్మరించు చోట స్థానము లేకుండ పోవుచున్నది.

ఇది మన ధర్మమునకు తగునా? ఈ ప్రశ్నకు సుమారు ఏడువందల యేబది ఏండ్ల క్రిందటనే తెలుగునాట ఒక ఇల్లాలు రాతిమీద జవాబు చెక్కించినది.

మహబూబ్‌నగర్ జిల్లాలోని భూత్పూరునకు పూర్వనామము బూదపురము. అచ్చట క్రీ.శ. 1276 నాటి శాసనము కలదు. దానిని వేయించినది కుప్పాంబిక. ఆమె రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి కుమార్తె. కాకతీయ సేనానులలో ఒకడైన మల్యాల గుండ దండాధీశుని ధర్మపత్ని. భర్త గతించిన పిమ్మట ఆమె ఆయన పేర గుండేశ్వరుడని శివుని ప్రతిష్ఠించి, ఆ విషయమును శిలాక్షరములలో నిలిపినది. ఆమె కవయిత్రి కూడ. తెలుగున మనకు తెలియవచ్చిన తొలి కవయిత్రి ఆమెయేనని పండితులు పలువురు భావింతురు.

మల్యాలవారిది వీరుల వంశము. గణపతిదేవ చక్రవర్తి కాలమున మల్యాల చౌండ సేనాని కృష్ణానది సాగరమున కలియు చోటనున్న దివిసీమపై జరిగిన దండయాత్రలో పేరుపొందెను. ఓరుగల్లు చేరువనున్న కొండపర్తిలో ఆయన వేయించిన 1203 నాటి శాసనము నేటికిని ప్రసిద్ధము. అట్టి ఇంట పుట్టినవారికి కత్తి పట్టుట కుల మర్యాద. గెలిచి వచ్చినవానికి రాజు బిరుదు నిచ్చును, గ్రామము నిచ్చును, వంది మాగధులు సభలో పొగడుదురు. గుండ దండాధీశుడును అట్టి గౌరవముల నడుమ బ్రదికినవాడే.

అయినను ఒక్క మాట ఆలోచింపుడు. రణరంగమున చూపిన ధైర్యమును వేలమంది చూతురు. ఇంట చూపిన సహనమును చూచునది ఒక్క భార్యయే. అలసి వచ్చినవాడు గడప దాటిన తరువాత ఎట్లు మాటాడెనో, కోపమును ఎచ్చట విడిచి వచ్చెనో, అన్నము తక్కువైననాడు ఏమనెనో ఆమెకే తెలియును. బిరుదు రాజు ఇచ్చునది. సాక్ష్యము ఇల్లాలు ఇచ్చునది. భర్త బ్రదికియుండగా భయముచే పొగడు భార్య ఉండవచ్చును. ఆయన పోయిన పిమ్మట, ఆయన వలన పొందవలసినది ఏదియు మిగులని వేళ, ఆయన పేరును శివుని పేరుతో కలిపి పిలుచుకొనగోరిన ఇల్లాలి మాటలో భయమునకు తావెక్కడిది? గుండ దండాధీశుని బిరుదు లన్నింటికన్న ఆ శిలయే గొప్ప బిరుదు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. దేహమే దేవాలయ మనియు, స్థావరముకన్న జంగమము మిన్న యనియు బసవేశ్వరుడు బోధించెను గదా! ఆ బోధ విన్న మనము ఒక గుడిని కట్టిన వృత్తాంతమును ఇంతగా చెప్పుకొననేల?

కుప్పాంబికను వీరశైవురాలని చెప్పుకొనుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ఆమె శివభక్తురాలు, అంత మాత్రము చాలును. ఆమె కథలో మనము గ్రహింపవలసినది ఆమె నడత. భర్త పోయిన వెనుక ఆమె మరుగున పడలేదు. తన పేరుతో, తన మాటతో లోకము నెదుట నిలిచినది. రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనముపై నున్న రోజులవి. రాణి రాజ్యమేలుచుండగా, ఆ రాజ్యమునందే ఒక సేనాని భార్య తన దుఃఖమును తలయెత్తి చెప్పుకొన్నది. రాయి శిథిలము కావచ్చును. ఆ తల యెత్తుట నేటికిని మన మధ్య నడచుచున్నది. నడచునది ఏదో అదియే జంగమము.

ఇక శరణ చరిత్రలోనికి వత్తము. మోళిగె మారయ్యగారిని మన పెద్దలు నిత్యము తలతురు. ఆయన కాశ్మీర దేశమును ఏలిన రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని రాజ్యమును విడిచి పత్ని మహాదేవితో కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయము చెప్పును. ఖడ్గము పట్టిన చేత గొడ్డలి పట్టెను. అడవిలో కట్టెలు కొట్టి, మోపు కట్టి, అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము చేసెను. ఆజ్ఞ లిచ్చుటకు అలవాటుపడినవాడు బజారున కట్టెల ధర చెప్పుకొని నిలబడుట సామాన్యమా? అంతకన్న కష్టమైన పని మరియొకటి ఆయన చేసెను. కైలాసమును చేరవలెనని ఆయన తహతహపడుచున్న వేళ, పత్ని మహాదేవి ఆయనను వారించి, ఉన్నచోటనే ఉన్న లింగమును విడిచి వేరొక చోటును వెదకుట ఏమి యెరుక యని హెచ్చరించెను. ఆయన విని, ఆమె మాటను గురువాక్యముగా గైకొనెను. సైన్యమును నడిపినవాడు ఇల్లాలి మాట విని తనను దిద్దుకొనెను. శరణులు ఆయనను తలచుట ఏలిన రాజ్యమును చూచి కాదు, ఈ వినయమును చూచియే.

ఆయుధమును అప్పగించి ఇల్లు చేరిన ప్రతి సైనికునికి ఇది పాఠము. ఆయన లేని ఏండ్లలో పొలము చూచినది, పిల్లలను బడికి పంపినది, అత్తమామలకు మందు పోసినది, ఉత్తరము కొరకు వాకిట నిలిచినది ఆమె. ఆ ఏండ్లను తెలిసికొని, ఆమె చెప్పునది విని, ఇంటి పనిలో ఒక మోపు తానును ఎత్తుకొన్నవాడే మంచి భర్త. సరిహద్దున చేసినది కాయకమైనచో ఇంట చేయునదియు కాయకమే. అందు విరమణ లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. శరణులు సతి, లింగము పతి యని మన సిద్ధాంతము. ఇందు పురుషునకు మినహాయింపు లేదు. లింగము ముందు భర్తయు సతియే, భార్యయు సతియే. కావున భర్త దేహమును విడిచినపుడు ఆమె జీవిత సహచరుని కోల్పోయినది; ఆ దుఃఖము నిజము, దానిని ఎవరును తీసివేయలేరు. కాని ఆమె పతియైన లింగము ఆమె కరస్థలముననే యున్నది. ఆయన ఇష్టలింగము ఆయనతో సమాధి చేరినది. ఆమెకు గురువు దీక్షలో ఇచ్చిన లింగము ఆమెదే. దానిని పూజించుటకు నిన్న ఎంత అర్హత కలదో నేడును అంతే కలదు. అట్టి లింగధారిణిని అమంగళ యని పిలుచుటకు మన శాస్త్రమున ఆధార మేది?

జనన సూతకము, మృత సూతకము మొదలుగా గల పంచ సూతకములు లింగధారికి లేవని మన ఆచార్యులు ఘోషించిరి. సభలలో ఈ మాట చెప్పుదుము, ఇంట మరతుము. పొరుగువారి ఆచారమునకు జంకి, తల్లిని మూల గదిలో కూర్చుండబెట్టి, ఆమె భర్త పటమునకు మాత్రము విభూతి పెట్టుదుము. ఆ పటములోని మనిషి లేచి వచ్చినచో మొదట ఎవరిని వెదకును? పతకములను వెదకునా?

కావున మఠముల పెద్దలకును, గృహస్థులకును ఒక విన్నపము. ఇకమీదట ఏ ఇంట ఇట్టి స్మరణము జరిగినను, మొదటి ఆసనము ఆ ఇల్లాలికి వేయుడు. ఆమె నుదుట విభూతి ధరింపజేయుడు. మొదటి పుష్పము ఆమె చేతనే వేయింపుడు. పెద్దలు మాటాడుటకు ముందు ఆమెను అడుగుడు: "అమ్మా! ఆయన ఎట్టివాడో నీవు చెప్పుము." ఆమె కంట నీరు తప్ప మాట రాకపోవచ్చును. ఒక్క చిన్న సంగతి మాత్రమే చెప్పవచ్చును. సెలవుపై వచ్చినపుడెల్ల ఆయనే బావినుండి నీళ్లు తోడెననియో, ఆమె భుజించువరకు తానును భుజింపలేదనియో చెప్పవచ్చును. దానినే ఆ సభ వినవలెను. దానినే మనుమలు జ్ఞాపకముంచుకొనవలెను.

శిలపై చెక్కించు శక్తి అందరికి ఉండదు. వినుటకు చెవి యొగ్గు శక్తి అందరికి కలదు. బూదపురపు ఇల్లాలికి రాయి దొరకినది. మన ఇండ్లలోని ఇల్లాండ్రకు మన చెవులే రాళ్లు కావలెను, వారు చెప్పినది చెరగకుండ నిలుచుటకు.

బసవేశ్వరుని కృప మన ఇండ్లలో ఆ వినయమును నిలుపుగాక!