శయ్యయందును సామరస్యము



ధర్మము మఠమునందును, పూజాగృహమునందును మాత్రమే యుండునని తలచువారు పెక్కురు కలరు. పన్నెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణమున బసవేశ్వరుడు చూపిన శరణమార్గము అట్టిది కాదు. మడివాలు మాచయ్యకు బట్టలుదుకు రేవును, అంబిగర చౌడయ్యకు పడవ నడుపు ఏరును, హరళయ్యకు చెప్పులు కుట్టు ముంగిలియు కైలాసములైనవి. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో బసవపురాణమును రచించి, అట్టి కాయకజీవులకు పురాణమున స్థానము కల్పించెను. కావున గృహస్థుని పడకగదిలోని పరుపును గూర్చి ధర్మవిచారము చేయుట తక్కువ పని కాదు. మనుజుని ఆయుస్సులో ఇంచుమించు మూడవ వంతు శయ్యమీదనే గడచును. ఆ మూడవ వంతున దంపతుల నడుమ ధర్మమెట్లున్నదో విచారింపవలదా?

మంజీరా నదీ ప్రాంతమున ఒక చిన్న పట్టణము. అందొక ధాన్యపు వర్తకుడు కలడు. వయస్సు ఏబది దాటినది. దంపతులిరువురును లింగదీక్ష పొందినవారే. ప్రాతఃకాలమున ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి ఇష్టలింగార్చన చేయుట 25 ఏండ్లుగా ఆ యింటి యాచారము. యౌవనమున బస్తాలు మోసినప్పుడు పట్టిన నడుమునొప్పి ఆయనను ఇంకను వదలలేదు. మెత్తని పరుపుపై పరుండినచో తెల్లవారి లేవలేడు. ఆమెది సన్నని దేహము. ఒక ప్రక్కకు ఒత్తిగిలి నిద్రించుట చిన్ననాటి యలవాటు. గట్టి పడకపై భుజమును, తుంటియు ఒత్తుకొని, నడిరేయికే మెలకువ వచ్చును.

చీటీ పాడగా చేతికి వచ్చిన సొమ్ముతో, వైశాఖ శుద్ధ తదియనాటి బసవజయంతికి మఠమున దాసోహము జరిపింపవలెనని వారు సంకల్పించియుండిరి. ఇంతలో ఆయన పనిమీద నగరమునకు వెళ్లి, ఒక పెద్ద దుకాణమున టేకుమంచమును, దానిపై ఆరడుగుల వెడల్పున ఒకే తునకగా నున్న గట్టి పరుపును చూచెను. దుకాణమువారు పరుండి చూడుమనిరి. ఆయన పరుండెను. నడుమునకు హాయిగా తోచెను. 90,000 రూపాయలకు బేరము కుదిరినది. దాసోహపు సొమ్ము మంచమైనది.

మొదటి వారము ఆమె ఏమియు అనలేదు. రెండవ వారమునుండి భర్త నిద్రపోయిన పిమ్మట మెల్లగా లేచి, అవతలి గదిలో పాత దూదిపరుపు పరచుకొని పరుండుచుండెను. తెల్లవారకమునుపే దానిని చుట్టి అటకపై పెట్టుచుండెను. ఒకనాటి రేయి ఆయనకు మెలకువ వచ్చి చూడగా ప్రక్క ఖాళీగా నున్నది. “ఇంత సొమ్ము పోసి తెచ్చిన మంచము నీకు పనికిరాలేదా?” అని కోపించెను. ఆమె, “మీ మంచమునకు నేను పనికిరాలేదు” అని మాత్రమే పలికెను.

ఆ మాట పెరిగి గోడయైనది. సొమ్ము వ్యర్థమైనదని ఒప్పుకొనుటకు ఆయనకు అభిమానము అడ్డు వచ్చినది. తన్నడుగక తెచ్చిరని ఆమె మనసు గాయపడినది. కొన్నాళ్లకు ప్రాతఃకాల పూజలును వేరైనవి. ఆయన స్నానమాడి పూజ ముగించుకొని అంగడికి పోయిన తరువాత ఆమె పూజకు కూర్చుండెడిది. ఇంట లింగార్చన ఆగలేదు. కాని ఇద్దరి భక్తి ఒకటిగా సాగుట ఆగినది. దేవర దాసిమయ్య మొదలగు శరణులు సతిపతులు ఏకమైన భక్తియే శివునకు ప్రియమని పదేపదే బోధించిరి. నష్టమంతయు అచ్చటనే జరిగినది. 90,000 రూపాయల నష్టము దానియెదుట ఎంత?

బసవజయంతి నాడు ఇద్దరును మఠమునకు వేర్వేరు వేళలలో వచ్చుట చూచి, అచ్చటి వృద్ధస్వామి సంగతి గ్రహించి ఇరువురిని చేరబిలిచెను. అంతయు విని గృహస్థుతో ఇట్లనెను: “నాయనా, అంగడిలో ఆ పరుపుపై పరుండి చూచినదెవరు?”

“నేనే, స్వామీ.”

“నీ అంగమునకు సరిపడునో లేదో చూచుకొంటివి. మంచిదే. ఆమె అంగముపై లింగము లేదా?”

ఆయన తల వంచుకొనెను. స్వామి ఆమెవైపు తిరిగి, “తల్లీ, మూడు నెలలు అటకకెక్కించి దింపినది పరుపును కాదు, నోటిలోని మాటను. మొదటి నాడే చెప్పియున్నచో ఇంతవరకు వచ్చునా?” అని, ఆయదక్కి లక్కమ్మ కథను గుర్తు చేసెను.

ఆ కథ శరణుల యిండ్ల అందరికిని తెలిసినదే. మారయ్య కళ్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. అదియే ఆ దంపతుల కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మన కింత యేల, ఆశ శరణులకు తగునా యని భర్తను హెచ్చరించి, అధికమైనదానిని తిరిగి యిచ్చి రమ్మనెను. ఆ కథలో ఇద్దరి గొప్పతనమును కలదు. తప్పు తోచినంతనే భయపడక చెప్పుట లక్కమ్మ గొప్పతనము. భార్య చెప్పినదని చిన్నతనముగా భావింపక, బియ్యము మూటగట్టుకొని వెనుకకు నడచుట మారయ్య గొప్పతనము. చెప్పని లక్కమ్మ యున్నను, వినని మారయ్య యున్నను ఆ కథయే లేదు.

ఇచ్చట తత్త్వవిచారము కొంత అవసరము. మన మతమున దీక్ష స్త్రీపురుషులకు సమానము. ఇష్టలింగము భర్త యురముపై నున్నట్లే భార్య యురముపైనను ఉండును. లింగమే పతి, శరణుడు సతి యనునది మన సిద్ధాంతము. లింగముయెదుట భర్తయు సతియే. మరి అట్టి ఇద్దరిలో ఒకరి దేహము ఇంటికి కొలబద్ద, రెండవ దేహము ఆ కొలతకు లొంగవలసినది యని చెప్పుట ఎట్లు? దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. ఒక దేవాలయమునకు వెన్ను నొచ్చుచున్నది, మరియొక దేవాలయమునకు భుజము నొచ్చుచున్నది. రెండింటికిని సేవ చేయవలసినదే.

సమత్వమనగా ఇద్దరికిని ఒకే వస్తువును ఇచ్చుట కాదు. ఇద్దరికిని కావలసినది ఇచ్చుట. దాసోహపు పంక్తిలో బాలునకును, వృద్ధునకును ఒకే కొలత వడ్డింపరు. ఎవరి ఆకలి యెంతో చూచి వడ్డింతురు. అన్నమునకున్న ఈ న్యాయము నిద్రకు మాత్రము లేదా?

శరీరశాస్త్రమును ఇదియే చెప్పుచున్నది. వెల్లకిల పరుండువానికి నడుము క్రుంగకుండ క్రింద ఆధారము కావలెను. ప్రక్కకు ఒత్తిగిలి పరుండువారికి భుజమును, తుంటియు కొంత లోనికి దిగినగాని వెన్నెముక తిన్నగా నిలువదు. బరువైన దేహమునకు మెత్తగా తోచు పరుపే తేలిక దేహమునకు బండవలె తోచును. నడుమునొప్పికి గట్టి పడకయే మందని పెద్దలు చెప్పుట కలదు. అయితే స్పెయిన్ దేశమున దీర్ఘకాలపు నడుమునొప్పి గల 313 మందిని 90 దినములు పరీక్షించి, 2003లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిన పరిశోధనలో, మిక్కిలి గట్టి పరుపుకంటె నడిమి గట్టిదనము గల పరుపే మేలు చేసినదని తేలినది. అనగా మన పట్టుదలలలో కొన్ని అనుభవమునకు నిలుచునవి కావు. వెల హెచ్చినంత మాత్రమున పరుపు శరీరమునకు సరిపడదు. వెల దుకాణపువానికి తెలియును, సరిపాటు వెన్నెముకకు మాత్రమే తెలియును.

దంపతులకు శయ్య వేరగుట అశుభమను శంక కొందరికి కలదు. మన తాతల నాటి యిండ్లను గుర్తు తెచ్చుకొన్నచో ఈ శంక తీరును. వేసవి రాత్రులలో పురుషులు వాకిట నులకమంచములపై, స్త్రీలు బిడ్డలతో లోపల చాపలపై పరుండుట పల్లెలలో సర్వసాధారణము. దానిని ఎవరును ఎడబాటు అనలేదు. నేటికిని జర్మనీ దేశమున పెక్కు ఇండ్లలో ఒకే మంచముపై భార్యాభర్తలకు రెండు పరుపులు ప్రక్కప్రక్కన అమర్చుట వాడుక. శయ్య రెండైనంత మాత్రమున దాంపత్యము రెండు కాదు. ఒకే శయ్యపై పరుండి ఒకరి బాధ నొకరు ఎరుగకుండుటయే ఎడబాటు.

ఆ గృహస్థు స్వామి మాట విని ఇంటికి వచ్చి, ఆనాటి రేయి భార్యను మంచముపై పరుండుమని, తాను పాత దూదిపరుపుపై పరుండెను. రెండవ జాము దాటకమునుపే నడుము పట్టినది. లేచి కూర్చుండి చూడగా ఆమెయు మంచముపై మేలుకొని, భుజము పట్టుకొని కూర్చుండియుండెను. ఇద్దరును కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట ఆయన, “ఇంత నొప్పి నీవు మూడు నెలలు ఓర్చితివా?” అని యడిగెను. ఆమె కంట నీరు పెట్టుకొనెను. ఎవరి పడకలో రెండవవారు ఒక రేయి గడిపిరో, ఆ రేయియే వారికి గురువైనది.

పరుపును దుకాణమువారు తిరిగి తీసికొనలేదు. మరల క్రొత్తది కొనుటకు సొమ్ము లేదు, కొనవలసిన పనియు లేదు. దూదేకువానిని పిలిపించి, పాత పరుపులోని గట్టిపడిన దూదిని మరల ఏకించి, మూడడుగుల వెడల్పున రెండంగుళముల మందమున ఒక మెత్తను కుట్టించి, పెద్ద పరుపుపై ఆమె ప్రక్కన మాత్రమే పరచిరి. మంచము ఒక వైపున రెండంగుళములు ఎత్తైనది. చూచుటకు అందముగా లేదు. ఆమె భుజము నొప్పి పూర్తిగ పోలేదు, చాలవరకు తగ్గినది. ఈ పరుపు పాడైననాడు మూడేసి అడుగుల వెడల్పు గలవి రెండు, ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది, ఇద్దరును కలిసి వెళ్లి పరుండి చూచి కొనవలెనని నిశ్చయించుకొనిరి. తప్పిన దాసోహము కొరకు నెలనెలా కొంత ప్రక్కకు తీయుచున్నారు. అన్నిటికంటె ముఖ్యమైనది, మరునాటి ఉదయము పూజాగృహమున రెండు పీటలు మరల ప్రక్కప్రక్కకు వచ్చినవి.

భక్తులారా! పంచాచారములలో భృత్యాచారము ఒకటి. తన్ను తాను సేవకునిగా భావించుకొనుట దాని సారము. జంగమునియెదుట, గురువుయెదుట భృత్యుడై నిలుచుట సులభము. అచ్చట చూచువారు పదిమంది యుందురు, మెచ్చువారును ఉందురు. దీపమార్పిన గదిలో, చూచువారెవరును లేనిచోట, ప్రక్కనున్నవారు హాయిగా నిద్రించుచున్నారో లేదో విచారించుటయే భృత్యాచారమునకు నిజమైన పరీక్ష. దయలేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మమని అంగీకరింపలేదు. ఆ దయ ఊరికి ఉపకారము చేయుటతో మొదలుకాదు. జానెడు దూరమున నిద్రలేక దొర్లుచున్నవారిని “నీకెట్లున్నది?” అని యడుగుటతో మొదలగును.

ఇల్లాలు నోరు తెరచి చెప్పుగాక. గృహస్థు అభిమానము విడిచి వినుగాక. ఇట్లు సతిపతులు ఒకరి అంగమును ఒకరు లింగస్థానముగా గౌరవించిన ఇంట, పరుపు ఎత్తుపల్లములుగా నున్నను బ్రతుకు సమతలముగా సాగును.