కర్తవ్యము – అనురాగము
(రోమక మహాకవి వర్జిల్ చూపిన ధర్మసంకటము)

ధర్మమునకును అధర్మమునకును నడుమ నిర్ణయము చేయుట మానవునకు అంత కష్టము కాదు. అధర్మమును విడువవలెనని ఎల్లరకును తెలియును; తెలిసియు విడువజాలకుండుట మనోదౌర్బల్యము. రెండును మంచివే యైనపుడు, ఒకదానిని చేపట్టిన రెండవది చేజారునపుడు కలుగునదే నిజమైన ధర్మసంకటము. తలకెత్తుకొనిన భారమును గమ్యమునకు చేర్చుట మంచిది. ప్రేమించినవారిని కంటతడి పెట్టింపకుండుటయు మంచిదే. ఈ రెండింటికిని పొత్తు కుదరనినాడు ఏమి చేయవలెను? రెండువేల యేండ్లకు పూర్వము వర్జిల్ అను రోమక మహాకవి ఈ ప్రశ్నను తన కావ్యమునకు ప్రాణముగా చేసికొనెను.

వర్జిల్ క్రీ.పూ. 70లో ఉత్తర ఇటలీలోని మాంటువా నగర సమీపమున జన్మించెను. తన జీవితములోని కడపటి పదునొకండు సంవత్సరములు ‘ఈనియిడ్’ అను కావ్య రచనకు ధారపోసెను. లాటిన్ భాషలోని ఈ కావ్యము 12 సర్గములు, సుమారు 9,900 పాదములు గలది. క్రీ.పూ. 19లో, కావ్యమునకు తుది మెఱుగులు దిద్దకమునుపే, అతడు దివంగతుడయ్యెను. అసంపూర్ణమైన ఆ గ్రంథమును దగ్ధము చేయవలసినదని అతడు కోరెనని ప్రాచీనులు చెప్పుదురు. అగస్టస్ చక్రవర్తి అందుల కంగీకరింపక దానిని లోకమునకు దక్కించెను.

కథానాయకుడైన ఈనియస్‌ను కవి ‘పియస్’ అను విశేషణముతో పలుమార్లు పేర్కొనును. ఆ గుణము పేరు ‘పియెటాస్’. దైవము, తల్లిదండ్రులు, సంతానము, స్వదేశము – వీరి యెడల మానవుడు నెరవేర్పవలసిన విధి యంతయు ఆ యొక్క మాటలో ఇమిడియున్నది. గ్రీకులు ట్రాయ్ నగరమును తగులబెట్టిన రాత్రి ఈనియస్ వృద్ధుడైన తండ్రిని భుజములపై నెత్తుకొని, పసివాడైన కుమారుని చేయిపట్టుకొని, కులదేవతా ప్రతిమలతో బయలుదేరెను. వెనుక నడచుచున్న భార్య క్రియూసా ఆ చీకటిలో తప్పిపోయెను. అతడు వెనుదిరిగి మండుచున్న వీథులలో ఆమెను వెదకగా, ఆమె ఛాయారూపము మాత్రము కనిపించి, దుఃఖింపవలదనియు, టైబర్ నదీతీరమున అతనికి రాజ్యము లభించుననియు చెప్పి అంతర్ధాన మయ్యెను. కర్తవ్య మార్గమున అతడు చెల్లించిన మొదటి మూల్య మది.

ఏడేండ్లు సముద్రముపై తిరిగి, తుపానుచే తరుమబడి, అతడు ఆఫ్రికా తీరమందలి కార్తేజ్ చేరెను. ఆ నగరమును నిర్మించుచున్నది డైడో. టైర్ నగరమున ఆమె భర్త సికియస్‌ను ధనాశతో ఆమె సోదరుడే చంపెను. ఆమె పరిజనముతో నౌకలెక్కి పరదేశము చేరి, కొత్త రాజ్యమునకు పునాదులు వేసికొనెను. మరణించిన భర్తకే జీవితమును అంకితము చేసి పునర్వివాహము నొల్లక యున్నది. దిక్కులేని ఈనియస్ పరివారమును ఆదరించి, తన ప్రజలతో సమానముగా చూచెదనని పలికిన ఉదారురాలు. దేవతల పన్నాగముచే ఆమె మనసు ఈనియస్‌పై నిలిచెను. ఒకనాడు వేటలో గాలివాన రాగా ఇరువురు నొకే గుహలో తలదాచుకొనిరి. అదియే వివాహమని ఆమె తలచెను.

శీతకాలము గడచుచుండెను. డైడో కానుకగా నిచ్చిన ఊదావర్ణపు పై వస్త్రము ధరించి ఈనియస్ కార్తేజ్ కోటలను కట్టించుచుండెను. అప్పుడు జూపిటర్ పంపగా మెర్క్యురీ అను దేవదూత వచ్చి, పరుల నగరమును కట్టుచు సొంత కార్యమును మఱచితివా యని నిలదీసెను. నీకు కీర్తికాంక్ష లేకున్నను, నీ కుమారునకు రావలసిన రాజ్యమును చెఱచు హక్కు నీకున్నదా యనియు ప్రశ్నించెను. ఈనియస్ నిశ్చేష్టుడై, నౌకలను రహస్యముగా సిద్ధపఱుపుడని అనుచరులకు ఆజ్ఞాపించెను. అనువైన వేళ చూచి డైడోకు తెలుపవచ్చునని తలచెను. ప్రేమించిన హృదయమునకు తెలియకుండ దాచుట సాధ్యమా? ఆమె ముందుగనే గ్రహించి యెదుటనే నిలిచి అడిగెను.

ఆ సంవాదమున ఈనియస్ పలికిన మాటలు క్లుప్తములు. ఆమె చేసిన మేలును ఎన్నడును మఱువననెను. తాను వివాహ ప్రమాణము చేయలేదనెను. ఇటలీకి పోవుట తన యిచ్ఛ కాదనెను. విన్నవారికి ఆ మాటలు చల్లనివిగా తోచును. కాని కవి అంతటితో ఆగలేదు. ఆమెను ఓదార్చవలెనను కోరిక అతని హృదయమును కలచివేయుచున్నను దైవాజ్ఞను శిరసావహించెనని చెప్పుచు, సరిగా అచ్చటనే ‘పియస్’ అను విశేషణమును వాడెను. పిదప అతనిని పర్వతముపై ఈదురుగాలులకు ఊగుచున్న ముదుసలి సిందూర వృక్షముతో పోల్చెను. ఆకులు రాలును, వేళ్లు మాత్రము కదలవు. బాధ లేనివాడు కనుక వెడలెనని చదువరి భావింపరాదని కవి హృదయము.

నౌకలు కదలిన పిదప డైడో చితి పేర్చుకొని, ఈనియస్ విడిచిపోయిన ఖడ్గముతోనే ప్రాణములు విడిచెను. ఇరుజాతుల నడుమ ఎన్నటికిని సంధి కుదరరాదనియు, తన అస్థికల నుండి పగతీర్చువాడు పుట్టవలెననియు శపించెను. రోమకులు ఈ ఘట్టమును చదువునపుడు వారికి హానిబాల్ గుర్తురాకుండునా? క్రీ.పూ. 264 మొదలు 146 వఱకు రోమునకును కార్తేజ్‌కును మూడు మహాయుద్ధములు జరిగెను. తుదకు కార్తేజ్ నేలమట్టమయ్యెను.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగియున్నది. ప్రాచీనుల లెక్క ననుసరించి ట్రాయ్ పతనము క్రీ.పూ. 1184, కార్తేజ్ స్థాపనము క్రీ.పూ. 814. ఈ ఇరువురును కలిసికొనుట కాలగణనకు పొసగదు. పూర్వకథలో డైడో మరణించినది మృత భర్తయెడ నిష్ఠను కాపాడుకొనుటకే. అందు ఈనియస్ ప్రసక్తి లేదు. రోము కీర్తిని పాడుటకు పూనుకొనిన కవి, ఆ కీర్తికి ఒక స్త్రీ చెల్లించిన మూల్యమును గూడ తన కావ్యమున ఇంత ప్రధానముగా నిలిపెను. ఇది సామాన్య విషయము కాదు.

అయినచో దోషమెవ్వరిది? వెడలుట దోషము కాదు. కుమారుని భవిష్యత్తు, నమ్మి వెంటవచ్చిన జనుల జీవితము అతని చేతిలో నున్నవి. కాని వెడలుమని చెప్పిన దైవము దాచుమని చెప్పలేదు. రహస్య ప్రయాణ సన్నాహము కర్తవ్యములోని భాగము కాదు. అది కర్తవ్యమును నిర్వర్తించు మనుష్యుని అధైర్యము. అంతకు మునుపు, తనది కాని ఇంట తనదైనట్లు మసలి ఆశ కల్పించుటయు అట్టిదే. డైడో యెడలను కవి పక్షపాతము చూపలేదు. ఆమె అనురాగమున మునిగిననాడు కార్తేజ్ బురుజుల నిర్మాణ మాగిపోయెననియు, యువకులు ఆయుధాభ్యాసము మానిరనియు చెప్పెను. రాణియైన ఆమెకును ఒక ప్రజ యున్నది.

వేరొక సూక్ష్మమును కవి ఈనియస్ నోటనే పలికించెను. తన ప్రేమ, తన దేశము ఇటలీయేనని అతడు డైడోతో చెప్పును. అతడింకను నివాస మేర్పఱచుకొనని దేశమది! కన్నులయెదుట నున్నవారి యెడల కలుగు ప్రీతిని అనురాగ మందుము. ఎదుట లేనివారికి, ఇంకను పుట్టనివారికి మనము ఋణపడిన ప్రేమయే కర్తవ్యము. కనుక ఈ రెండును ప్రేమలే. ఒకటి పిలిచినది వినిపించును. రెండవది పిలువజాలదు గనుక దాని పక్షమున మనమే నిలువవలెను.

అంతమాత్రమున మొదటి ఋణము తీరిపోవునా? దీనికి షష్ఠ సర్గమున సమాధానమున్నది. పరలోకమున డైడో ఛాయను చూచి ఈనియస్ కన్నీరు కార్చి, ఇష్టములేకయే వెడలితినని విన్నవించును. ఆమె చూపు నేలపై నిలిపి, ఒక్క మాటయైన పలుకక, పూర్వ భర్తయైన సికియస్ చెంతకు మరలిపోవును. అతని కర్తవ్యము సఫలమైనది. క్షమ మాత్రము లభింపలేదు.

నాలుగవ శతాబ్దిలో ఉత్తర ఆఫ్రికాలో పెరిగిన అగస్టీన్ అను క్రైస్తవాచార్యుడు, బాల్యమున డైడో మృతికి ఏడ్చితిననియు, భగవంతునికి దూరమైన తన ఆత్మకొఱకు మాత్రము ఏడ్వలేదనియు పిదప పశ్చాత్తాపముతో వ్రాసికొనెను. ఆ పశ్చాత్తాపము ఉచితమే. అయినను ఆ బాలుని కన్నీరు వ్యర్థము కాదు. కర్తవ్యము పేర ఒకరిని విడిచి పోవలసివచ్చినవాడు, ముందుగా ఎదుట నిలిచి నిజము చెప్పవలెను. పిదప వారి మౌనమును సైతము తనకు రావలసినదిగనే స్వీకరింపవలెను. ధర్మము చేసితినను తృప్తితో పరుల దుఃఖమును మఱచువాడు ధర్మములో సగమే చేసినవాడు.