మరలివచ్చే స్థానం

ఇంగ్లండులోని హారో పాఠశాలలో 19వ శతాబ్దంలో రూపుదిద్దుకొని, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా ప్రవేశించనున్న స్క్వాష్ క్రీడ బాహ్యదృష్టికి వేగానికీ దేహబలానికీ పరీక్షగానే గోచరిస్తుంది. కాని 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు గల ఆ కోర్టులోనికి ప్రారంభ తరగతి నిమిత్తం అడుగుపెట్టిన అభ్యాసకుడు, తలుపు మూసుకొన్న మరుక్షణమే ఒక విశేషాన్ని గమనించక మానడు. ఇక్కడ ప్రత్యర్థులు వలకు ఇరువైపులా ఎదురెదురుగా నిలువరు. ఒకే నేలమీద, ఒకరి ఉచ్ఛ్వాస నిశ్వాసాలు ఒకరికి వినిపించేంత చేరువలో ఉండి, ఒకే గోడకు అభిముఖులై ఆడుతారు. ఎవరు పంపిన బంతినైనా, పంపిన వేగానికీ కోణానికీ తగినట్లుగా తిరిగి ఇచ్చే ఆ ముందుగోడకు రాగద్వేషాలు లేవు. జీవుల కర్మననుసరించి ఫలాన్నిచ్చే ఈశ్వరునికి పక్షపాతం గాని నిర్దయ గాని అంటవని బ్రహ్మసూత్రాలు నిర్ణయించిన తత్త్వం ఆ గోడ ముందు నిలిచినవానికి క్షణక్షణమూ ప్రత్యక్షమవుతూనే ఉంటుంది.

సుమారు 24 గ్రాముల ఆ చిన్న రబ్బరు బంతి చల్లగా ఉన్నంతసేపు నేలను తాకి పైకి లేవడానికే మొరాయిస్తుంది. మాటిమాటికీ దెబ్బతిని వేడెక్కినప్పుడే దానిలోని చైతన్యం మేల్కొంటుంది. అందుకే కొత్తవారి చేతికి కాస్త పెద్దదై సులువుగా ఎగిరే నీలిచుక్క బంతినిచ్చి, సాధన ముదిరిన కొలదీ రెండు పసుపుచుక్కల బంతి వైపు నడిపిస్తారు. అధికారిభేదాన్ని ఎరిగిన గురువు ఉపాసనను నిర్ణయించే పద్ధతీ ఇదే.

రాకెట్టు పట్టే తీరు, పక్కగోడ వెంబడి బంతిని వెనుక మూలకు పంపే డ్రైవ్, సర్వీసు మొదలైనవి అభ్యాసబలం చేత చేతికి వస్తాయి. అంత సులువుగా రానిది ‘టీ’కి మరలిరావడం. ముందుగోడకు సుమారు 5.44 మీటర్ల దూరంలో అడ్డంగా సాగిన గీతను, వెనుకభాగాన్ని రెండుగా విభజించే గీత వచ్చి కలిసే సంధిస్థానమే ‘టీ’. అక్కడ నిలిచినవానికి నాలుగు మూలలూ కొద్ది అడుగులలో అందుతాయి. అయినా నవాభ్యాసకుడు చక్కని షాట్ ఒకటి కుదరగానే దాని సౌందర్యాన్ని తానే ఆస్వాదిస్తూ మూలలోనే నిలిచిపోతాడు. ఆ లోపుననే బంతి ఎదుటి మూలకు చేరిపోతుంది. ఫలాసక్తి అంటే ఏమిటో ఇంతకన్న స్పష్టంగా చూపగల దృష్టాంతం దుర్లభం. చేసిన కర్మ మంచిదైనకొలదీ దానిని విడిచి రావడం కష్టతరమవుతుంది. దారంతో కట్టబడిన పక్షి దిక్కులన్నీ తిరిగి, ఎక్కడా విశ్రాంతి దొరకక తన బంధనస్థానాన్నే ఆశ్రయించినట్లు మనస్సు కూడా తన మూలాన్నే ఆశ్రయిస్తుందని ఛాందోగ్యోపనిషత్తు చెప్పినది ఈ స్థానానికి ఎంతగానో అన్వయిస్తుంది. పైగా ‘టీ’ వద్దకు వచ్చి నిలవడం నిద్రాణస్థితి కాదు. పాదాలు అక్కడే ఉండగా, వెనుక మూలలో ప్రత్యర్థి బంతిని ఎలా కొట్టబోతున్నాడో మెడ తిప్పి చూడాలి. చూస్తూనే చలించకుండా ఉండాలి. సాక్షిభావమని పెద్దలు చెప్పినది దీనినే.

ఈ మరలిరాకను స్థిరపరచడానికే ఘోస్టింగ్ అనే అభ్యాసం ఉన్నది. బంతి లేదు, ప్రత్యర్థి లేడు, పాయింటు లేదు. మూలకు వెళ్లి, శూన్యంలో రాకెట్టు ఆడించి, ‘టీ’కి తిరిగి రావడమే పని. నేర్చుకొనేవారిలో పెక్కుమంది దీనిని నీరస వ్యాయామమని తలచి తొందరగా ముగించడం విచారకరం. ఫలమన్నదే లేనిచోట కర్మ ఎంత నిర్మలమవుతుందో అనుభవపూర్వకంగా తెలుసుకొనే అవకాశం ఈ క్రీడలో మరెక్కడా లేదు. జపంలో మాల తిరుగుతున్నా లెక్క మరచిపోయిన స్థితికి ఇది చాలా దగ్గర.

అయితే ఆ స్థానం ఎవరి సొత్తూ కాదు. బంతి కొట్టినవాడు ప్రత్యర్థికి దానిని చేరుకొనే మార్గాన్నీ, దానిని ముందుగోడకు కొట్టే అవకాశాన్నీ ఇచ్చి తీరాలని నియమం. కాబట్టి నేరుగా ‘టీ’ మీదికి దూకక, ఎదుటివాని దారిని విడిచి, వంపుగా నడిచి చేరుకొమ్మని నేర్పుతారు. స్వస్థితిని కోరే సాధకుడు మొదట పరుని మార్గంనుండి తప్పుకోవాలన్న సూక్ష్మం ఆ నడకలోనే ఇమిడి ఉన్నది. ఇక తన రాకెట్టు ఎదుటివానికి తగులుతుందని నిజంగా శంకించినవాడు, గెలుపు చేతిలో ఉన్నా, చేయి ఆపి ‘లెట్’ అనాలి. అప్పుడు నియమం సందర్భాన్ని బట్టి ఆ ర్యాలీని మళ్లీ ఆడిస్తుంది, లేదా ఆపినవానికే పాయింటునిస్తుంది.