కొండలకును లోయలకును



మొదటి రాజుల గ్రంథము 20వ అధ్యాయములో సిరియా రాజు సేవకులు తమ ఓటమికి చెప్పుకొన్న కారణము ఒకటి కలదు. ఇశ్రాయేలీయుల దేవుడు కొండలకు మాత్రమే దేవుడట. మైదానములోనైతే గెలుపు తమదేనట! రథములు గలవారికి చదునైన నేలమీద అట్టి నమ్మకము కలుగుట వింత కాదు. మరుసటి యేట ఆఫెకునొద్ద మైదానములోనే వారు మరల ఓడిపోయిరి.

వారిని చూచి మనము నవ్వుదుము. అయితే మనమును దేవునికి కొంత నేల కొలిచి యిచ్చి, తక్కినది మన చేతిలో ఉంచుకొనుచున్నాము గదా. ఆరాధనలో ఆయన ఉన్నాడు. పొలము గట్టు తగాదాలో ఉన్నాడా? పెండ్లి పందిటిలో ఉన్నాడు. రాత్రి రెండు గంటలవేళ ఆసుపత్రి వరండాలో ఉన్నాడా? నున్నని దారిని మాత్రమే నడచు భక్తి మనదైనయెడల ఆ సిరియనులకును మనకును భేదమేమి?

ఈ సంగతి ధ్యానించుటకు ఆల్‌రోడ్ సైకిలు అనునది మనకు చక్కని సహాయము. తారురోడ్డు, కంకర, అడవి బాట, మట్టి దారి — అన్నిటిమీదను ఒక్క సైకిలే పోవలెనని దానిని చేసిరి. చూపునకు పందెపు సైకిలువలె వంగిన హ్యాండిలు. కాని ఫ్రేములో చోటు ఎక్కువ గనుక 35 మొదలు 45 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరు పట్టును. ఎత్తు ఎక్కుటకు తేలిక గేర్లును, వానలోను పట్టు విడువని డిస్కు బ్రేకులును ఉండును. ఇది బొత్తిగా క్రొత్త అనుకొననక్కరలేదు. మన గ్రామములలో పాలబిందెలను ధాన్యపు బస్తాలను మోసిన నల్ల సైకిలు టైరు ఒకటిన్నర అంగుళము, అనగా దాదాపు 38 మిల్లీమీటర్లు. ఇవి రెండును చుట్టములే!

ఈ సైకిలు రహస్యము ఇనుములో లేదు, గాలిలో ఉన్నది. పందెగాండ్రు బహుకాలము 23 మిల్లీమీటర్ల సన్న టైరులో చదరపు అంగుళమునకు 100 పౌండ్లకు పైగా గాలి కొట్టి, ఎంత గట్టియో అంత వేగమని నమ్మిరి. నున్నని ఇనుప డ్రమ్ముమీద చక్రమును త్రిప్పి పరీక్షించినప్పుడు ఆ మాట నిజముగానే కనబడెను. అయితే డ్రమ్ముమీది చక్రమునకు పైన మనుష్యుడు లేడు. గరుకు దారిలో గట్టి టైరు ప్రతి రాతిమీదను ఎగిరిపడును. ఆ అదురు తొక్కువాని చేతులలోనికిని నడుములోనికిని ప్రాకి, ముందుకు సాగవలసిన బలము వణుకులోనే ఖర్చగును. మెత్తని టైరో, రాతిని తనలోనికి కొంచెము రానిచ్చి దానిమీదుగా దొర్లిపోవును. నేడు ఇటలీలో సియెనా పట్టణపు తెల్ల కంకర దారులమీద 2007 నుండి జరుగుచున్న పందెములోను పూర్వముకంటె వెడల్పైన టైర్లే కనబడుచున్నవి.

లోకము ఈ పాఠమును ఒకసారి నేర్చి మరచినది. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమందు జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు, తన కుమారుని మూడు చక్రముల సైకిలు అదరకుండుటకు చేసిన గాలి టైరుకు పేటెంటు పొందెను. అప్పటి చక్రములకు గట్టి రబ్బరు ఉండెడిది. మరుసటి యేట విల్లీ హ్యూమ్ అనునతడు గాలి టైర్లతో అక్కడి పందెములలో గెలిచెను. తండ్రి ప్రేమలో పుట్టిన మెత్తదనము బలవంతులను దాటిపోయెను.

సంఘములో గట్టి గాలి కొట్టుకొన్నవారిని మనమెరుగుదుము. వారి సిద్ధాంతము సరియైనదే, మాట సత్యమే. డ్రమ్ముమీద వారిని మించినవారు లేరు. అయితే వారితో కలిసి ప్రయాణము చేయువారి యెముకలు కదలిపోవుచున్నవి. ఆ అదురునకు తాళలేక మందిరమునకు రాకుండ మానుకొన్నవారు ఏ ఊరిలో లేరు? బలహీనులకు తాను బలహీనుడైతినని కొరింథీయులకు వ్రాసిన పౌలు సువార్తను మార్చలేదు. తాను మాత్రము ఒత్తిడికి లొంగెను.

ఇందులో మరియొక సంగతి కలదు. గాలి మరీ తగ్గినచో రాయి నేరుగా రిమ్మునకు తగిలి, నడుమ చిక్కిన ట్యూబునకు పాము కరచినట్లు రెండు బెజ్జములు పడును. గాలి లేని మెత్తదనము ప్రేమ కాదు, అలసత్వము. మరి ఎంత గాలి కావలెను? బరువును బట్టి. లావుపాటివానికి ఎక్కువ, సన్నవానికి తక్కువ. వెనుక చక్రము ఎక్కువ మోయును గనుక ముందుదానికంటె దానికి కొంచెము ఎక్కువ. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లికిని, నిన్న బాప్తిస్మము పొందిన యువకునికిని, నలువది యేండ్లుగా సంఘపెద్దయైనవానికిని ఒకే పంపుతో ఒకే కొలత కొట్టువారు ఈ లెక్క ఎరుగరు.

కంకరలో తొక్కుటయు నేర్చుకొనవలసినదే. హ్యాండిలును బిగబట్టినవానిని ప్రతి రాయి ప్రక్కకు లాగును. మోచేతులు వంచి వదులుగా పట్టుకొనినచో చక్రము తన దారి తానే వెదకుకొనును. సీటునుండి కొంచెము లేచి బరువును కాళ్లమీద ఉంచవలెను. మలుపునకు ముందే బ్రేకు వేయవలెను, మలుపులో కాదు. గుంటమీద కన్ను నిలిపినవాడు గుంటలోనికే పోవును. పది గజముల అవతలనున్న మంచి నేలను చూచువాడు దాటిపోవును. పేతురు నీళ్లమీద ఎప్పుడు మునుగసాగెనో జ్ఞాపకము చేసికొనుడి. ఇక ఇసుక వచ్చినప్పుడు హఠాత్తుగా త్రిప్పరాదు, ఆగరాదు; తేలిక గేరులో, మెల్లగా, మానక తొక్కుచుండవలెను. ఇసుక అయిపోవువరకు అంతే.