చిరంజీవి కొనబోయే కంప్యూటరు గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లో వీడియో ఎడిటింగ్ చేసుకోవడానికి ఎటువంటి కంప్యూటరు కావాలన్న ప్రశ్నకు జవాబు దుకాణంలో కాక, ఎడిటింగుకు వచ్చే ఫుటేజీలోనే ఉంటుంది. తీసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్లు దాచడానికి మామూలు మెమొరీ కార్డు చాలదు కనుక దానిని కుదించి దాస్తారు. ఆ కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. నేటి ఫోన్లు, కెమెరాలు ఎక్కువగా వాడే హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 అనే కోడెక్‌లు అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, నడుమ వచ్చిన మార్పులను మాత్రమే నమోదు చేసుకుంటాయి. అందువల్ల టైమ్‌లైన్ మీద ఎక్కడ క్లిక్ చేసినా, ఆ ఒక్క ఫ్రేమును చూపడానికి దాని చుట్టుపక్కల ఉన్న మరికొన్నింటిని కూడా కంప్యూటరు విప్పుకోవలసి వస్తుంది. పాత కంప్యూటరు మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే తప్ప, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేకపోవడం కాదు. ఈ కుదించే, విప్పే పనులకోసమే ఇంటెల్ సంస్థ 2011 నుంచి తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగాన్ని అమరుస్తోంది. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న రకాల్లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు కనుక ఆ సదుపాయమూ ఉండదు, ధర కాస్త తక్కువని దుకాణదారు అంటగట్టజూసేది మాత్రం తరచు వాటినే.

పెదనాన్న స్టూడియో నడిపిన రోజుల్లో ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్‌లను పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఆడే క్యాసెట్టును రెండోదానిలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేయడమే. లీనియర్ ఎడిటింగ్ అనే ఈ పద్ధతిలో క్యాసెట్టు మొదట్లో ఒక్క షాటు తగ్గించాలన్నా ఆ తరువాతదంతా మళ్లీ ఎక్కించవలసిందే. కాపీకి కాపీ తీసినకొద్దీ బొమ్మ పలచబడి రంగు మారేది. మేనత్త పెళ్లిచీర ఎరుపా, నారింజా అన్న వాదం ఇంట్లో ఇప్పటికీ తెగకపోవడానికి కారణం అదే. పొరుగూరి స్టూడియోవారు పూలరేకుల్లోంచి పెళ్లిజంటను చూపిస్తున్నారని, అటువంటి హంగులు చేసే మిక్సర్ అనే యంత్రాన్ని పెదనాన్న కూడా తెచ్చాడు. కాలువగట్టు చేను కుదువకు వెళ్లింది అప్పుడే. బాకీ సగం కూడా తీరకముందే డీవీ టేపులు వచ్చాయి. గంట టేపును సుమారు 13 జీబీల ఫైలుగా ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించుకొని, ఆ పూలరేకులను మౌసుతోనే చేసే కాలం మొదలైంది. మిక్సర్ చెడ్డ యంత్రమేమీ కాదు. దానికి పని చూపే పెళ్లిళ్లు మాత్రం బాకీ గడువుకంటే ముందే అయిపోయాయి. ఆ చేనులో ఇప్పుడు ఎవరి వరి పండుతోందో చిరంజీవికి తెలియనిది కాదు.

ఇప్పటి ధోరణి మరీ విడ్డూరంగా ఉంది. అరచేతిలోని తెరమీద చూడబోయే దృశ్యాన్ని 4కేలో, అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలతో, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల వివరంతో తీస్తారు; సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ నిండుతుంది, మళ్లీ తిరగేసి చూసేవారు ఉండరు. కంపెనీ పంపిన యంత్రాన్ని ముందు పెట్టుకొని పొగిడేవారి మాట కుర్రవాళ్లకు వేదమైంది. ఇక వడ్డీలేని వాయిదాలట! సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ రుసుములోనో, నగదు కొనుగోలుదారుకు దక్కే తగ్గింపు దక్కకపోవడంలోనో దాగి ఉంటుంది.

ఇక చేయవలసిన పని. ముందు ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులోనే షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ వేసుకొని, రెండూ ఉచితమే కనుక, ప్రాక్సీలతో ఒక వీడియో పూర్తి చేయాలి. ప్రాక్సీ అంటే కూర్పు సాగినంతసేపు అసలు ఫుటేజీకి బదులుగా నిలిచే తేలికపాటి నకలు. అది పూర్తయ్యాకే కొనుగోలు మాట. ల్యాప్‌టాప్ వద్దు, పలుచనివి వేడెక్కినప్పుడు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. 12వ తరం లేదా ఆ పై ఐ5, ఎఫ్ లేనిది. 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, మరో రెంటికి ఖాళీ స్లాట్లు. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఫుటేజీకి 2 టీబీ హార్డ్ డిస్కు, బ్యాకప్‌కు అంతటిదే ఇంకొకటి. కరెంటు పోయినా ఫైలు పోకుండా యూపీఎస్. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు అక్కరలేదు, తరువాత పెట్టుకోవడానికి పవర్ సప్లైలో సత్తువ ఉంటే చాలు. మొత్తం యాభై వేలు దాటితే హార్డ్ డిస్కు ఒకటి ఆగాలి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు సొంత ఫుటేజీని పెన్‌డ్రైవులో తీసుకువెళ్లి, అక్కడే ఆడించి చూశాకే డబ్బు చెల్లించాలి. ఆఫీసుల నుంచి వచ్చిన పాత డెస్క్‌టాపులు చవకే గానీ, సన్నపెట్టె రకంలో మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు.

కంప్యూటరు కోసం బ్యాంకులో కుదువకు వెళ్లిన అమ్మ గాజులు శుక్రవారంలోగా బీరువాలోకి రావాలి. విడిపించడానికి తక్కువపడిన మొత్తాన్ని పెదనాన్న పంపుతాడు. అది కంప్యూటరుకు కాదు.